కె-నాట్ 2 శాతం తక్కువ వస్తోంది: తప్పు గేటుదా, గ్యాసుదా, నాదా?

#1 — డ్రిఫ్టుదారి

అందరికీ నమస్కారం. సొంతంగా కట్టుకున్న డ్రిఫ్ట్ ట్యూబ్ (గ్యాసులో అయాన్లను విద్యుత్ ఫీల్డుతో నడిపించి, అవి అవతలికి చేరడానికి పట్టే కాలాన్ని కొలిచే గొట్టం) నాలుగు నెలలుగా నడుస్తోంది. పీకులు చక్కగానే వస్తున్నాయి. గంట తేడాతో తీసిన రెండు స్పెక్ట్రాలు ఒకదానిమీద ఒకటి పెడితే రెండో గీత కనపడదు. అంకె మాత్రం తప్పుతోంది.

ట్యూబ్ వివరాలు ఇవీ. గేటు నుంచి అపెర్చర్ గ్రిడ్ దాకా 10.0 సెం.మీ., లోపలి వ్యాసం 4 సెం.మీ. గేటు (అయాన్లను కాసేపు మాత్రం లోపలికి వదిలే తీగల తలుపు) బ్రాడ్‌బరీ–నీల్సన్ రకం, పల్స్ 200 మైక్రోసెకన్లు. డ్రిఫ్ట్ గ్యాసు నైట్రోజన్, నిమిషానికి 200 మి.లీ., అయాన్లకు ఎదురుగా. హీటరు 100 డిగ్రీల దగ్గర, పీడనం 1008 హెక్టోపాస్కల్స్.

స్టాండర్డుగా 2,6-డై-టెర్ట్-బ్యూటైల్ పిరిడిన్ (ఇకపై డీటీబీపీ) పెట్టాను. దాని కె-నాట్ (0 డిగ్రీలకు, ఒక వాతావరణ పీడనానికి సర్దిన మొబిలిటీ; మొబిలిటీ అంటే అయాను వేగాన్ని ఫీల్డుతో భాగించినది) 1.42 రావాలి. నాకు వచ్చింది ఇది:

2000 వోల్టులు: 25.95 మి.సె., కె-నాట్ 1.403
2500 వోల్టులు: 20.80 మి.సె., 1.400
3000 వోల్టులు: 17.37 మి.సె., 1.397
3500 వోల్టులు: 14.91 మి.సె., 1.395
4000 వోల్టులు: 13.08 మి.సె., 1.392

పొడవు మూడుసార్లు కొలిచాను. వోల్టేజీ గేటు దగ్గరా గ్రిడ్ దగ్గరా విడివిడిగా చూశాను. ఇంకేం చూడాలో తోచడం లేదు.

#2 — అలారంమోత

రెండు శాతానికి ఇంత దిగులా? నేను పేలుడు పదార్థాల డిటెక్టర్లకు సర్వీసు చేస్తాను. మా పని తేలిక. స్టాండర్డు పీక్ ఎక్కడ పడిందో చూస్తాం, దాని కె-నాట్‌ను దాని కాలంతో గుణించి, తెలియని పీక్ కాలంతో భాగిస్తాం. పొడవు, వోల్టేజీ, పీడనం, ఉష్ణోగ్రత అన్నీ కొట్టుకుపోతాయి. మీరు కొండను తవ్వుతున్నారు, దొరికేది ఎలుకే.

#3 — పాతకాపు

డ్రిఫ్టుదారి గారూ, మీరు 2 శాతం తేడా చూసి కంగారుపడుతున్నారు. నేను ఆ అయిదు అంకెల వరసను చూస్తున్నాను. వోల్టేజీ పెరిగేకొద్దీ కె-నాట్ క్రమంగా పడిపోతోంది, గమనించారా? మీ ఫీల్డు తక్కువే, 4000 వోల్టుల దగ్గర కూడా సుమారు 2 టౌన్‌సెండ్లు (గ్యాసు సాంద్రతతో భాగించిన ఫీల్డుకు కొలమానం). అక్కడ మొబిలిటీ ఫీల్డును బట్టి ఇంతగా మారదు. పొడవు తప్పైతే అన్నీ ఒకే శాతం తప్పేవి. ఉష్ణోగ్రత, పీడనం తప్పైనా అంతే. కాలం చిన్నదయ్యేకొద్దీ శాతం పెరిగే తప్పు ఒక్కటే: ప్రతి కొలతకూ అంతే మొత్తంలో అదనంగా కలిసిపోతున్న కాలం.

కాలాన్ని నిలువునా, 1/వోల్టేజీని అడ్డంగా పెట్టి గీత గీయండి.

#4 — కొత్తఅయాను

మాస్టారూ, చిన్న సందేహం. వోల్టేజీతో కాకుండా 1/వోల్టేజీతో ఎందుకు?

#5 — పాతకాపు

అయాను వేగం ఫీల్డుకు అనులోమం కదా. ఫీల్డంటే వోల్టేజీని పొడవుతో భాగించినది. కనుక ప్రయాణ కాలం = పొడవు వర్గం ÷ (మొబిలిటీ × వోల్టేజీ). 1/వోల్టేజీ సున్నా అయిన చోట వోల్టేజీ అనంతం, అంటే అయాను ఎగిరి గంతేసి అటు చేరిపోయినట్టే, ప్రయాణ కాలం సున్నా. అక్కడ కూడా గీత సున్నాకు పైన తగిలితే, ఆ మిగులు అయానుది కాదు, మన పెట్టెది. వాలు నుంచి మొబిలిటీ తీసుకోవాలి, గీత నిలువు అక్షానికి తగిలిన చోటు నుంచి మిగులు తీసుకోవాలి.

సూత్రంలో పొడవు వర్గంగా ఉందని మరచిపోవద్దు. 10 సెం.మీ.లో అర మి.మీ. తప్పితే మొబిలిటీలో 1 శాతం పోతుంది. గ్రిడ్ దాకా కాకుండా వెనక ఫారడే ప్లేట్ (అయాన్లను పట్టి కరెంటుగా ఇచ్చే పలక) దాకా కొలిచినవాళ్లను చాలామందిని చూశాను. అయాను గ్రిడ్ దాటగానే ప్లేటులో కరెంటు మొదలవుతుంది. గ్రిడ్ పెట్టిందే అందుకు.

#6 — డ్రిఫ్టుదారి

పాతకాపు గారూ, దండాలు! అయిదు చుక్కలూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే గీతమీద కూర్చున్నాయి. గీత నిలువు అక్షానికి తగిలింది 0.20 మి.సె. దగ్గర. వాలు నుంచి లెక్కేస్తే కె-నాట్ 1.414. తేడా 0.4 శాతానికి దిగింది. ఇక చాలనుకుంటా.

#7 — గిగాఓమ్

ఆగండి. 0.20 మి.సె. దొరికింది సరే, అది ఎవరిదో తేల్చరా? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ దొరుకుతాడు.

ప్లేటు కరెంటును పెంచే మీ ఆంప్లిఫయరు ఫీడ్‌బ్యాక్ రెసిస్టరు ఎంత? 1 గిగాఓమ్ అయితే, దాని పక్కన 0.1 పికోఫారడ్ చాలు, 100 మైక్రోసెకన్ల టైమ్ కాన్‌స్టెంటు (స్పందనలో ఆలస్యం) వస్తుంది. ఆ 0.1 పికోఫారడ్‌ను ఎవరూ పెట్టరు, రెసిస్టరు ఒంట్లోనే ఉంటుంది. పీక్ అంతమేరా కుడివైపు జరుగుతుంది, తోక కాస్త సాగుతుంది.

రెండోది మీ గేటు. కాలం ఎక్కడ్నుంచి లెక్కపెడుతున్నారు? గేటు తెరిచిన క్షణం నుంచి అయితే, లోపలికి వెళ్లిన అయాన్ల గుంపు నడుము పల్సులో సగం కాలానికి ఉంటుంది. 200లో సగం 100. నా ఊహ నిజమైతే మీ 0.20 రెండు సగాలుగా విడిపోవాలి.

ఆంప్లిఫయరును విడిగా పరీక్షించే చిట్కా ఒకటుంది. ఇన్‌పుట్ దగ్గర ఒక వైరు ముక్కను తగలకుండా నిలబెట్టి, దానికి త్రిభుజాకార తరంగం ఇవ్వండి. ఆ ఖాళీయే కెపాసిటరు. త్రిభుజాకార వోల్టేజీ కెపాసిటరు దాటితే చతురస్రాకార కరెంటు అవుతుంది. అవుట్‌పుట్‌లో అంచు 63 శాతానికి ఎక్కడానికి పట్టిన సమయమే మీ టైమ్ కాన్‌స్టెంటు. హైవోల్టేజీ ఆపి చేయండి, చెప్పక్కర్లేదనుకోండి.

#8 — డ్రిఫ్టుదారి

చేశాను. గేటు పల్సును 200 నుంచి 100 మైక్రోసెకన్లకు తగ్గించి అయిదు వోల్టేజీలూ మళ్లీ తీశాను. మిగులు 0.20 నుంచి 0.15కు పడింది, అచ్చంగా సగం లెక్కే. వైరు ముక్క పరీక్షలో ఆంప్లిఫయరు 100 మైక్రోసెకన్లకు అటూఇటూగా వచ్చింది. గిగాఓమ్ గారి లెక్క సరిపోయింది.

పల్సు తగ్గించాక సిగ్నలు సన్నబడింది గానీ పీక్ పదునెక్కింది.

#9 — పాతకాపు

పదునెక్కక ఏమవుతుంది! 4000 వోల్టుల దగ్గర ఒక్క వ్యాపనం (అయాన్ల గుంపు దారిలో చెదిరి విస్తరించడం) వల్లే పీక్ వెడల్పు 0.12 మి.సె. ఉంటుంది, అంటే రిజల్యూషన్ (కాలాన్ని పీక్ వెడల్పుతో భాగించినది) 107 దాకా రావచ్చు. దానికి 0.2 మి.సె. గేటు తోడైతే వర్గాల మొత్తానికి వర్గమూలం తీయాలి, 0.23 అవుతుంది, రిజల్యూషన్ 55కు పడిపోతుంది. 0.1 గేటుతో 80 దాటుతుంది. మీ ఆంప్లిఫయరు వెడల్పు ఇంకొంచెం తినేస్తుంది, అది వేరే.

మరీ సన్నగా చేయకండి. గేటు మూసి ఉన్నప్పుడు తీగల మధ్య అడ్డఫీల్డు తీగల దగ్గరి అయాన్లను లాగేసుకుంటుంది. నెమ్మదైన అయాన్లు ఎక్కువగా నష్టపోతాయి. పల్సు బాగా సన్నబడితే ఆ కోత గుంపులో పెద్ద భాగం అవుతుంది, అప్పుడు సగం లెక్క పనిచేయదు.

ఇంకో మాట. పీక్ పదునుగా ఉండటం వేరు, సరైన చోట ఉండటం వేరు. మీ మొదటి పోస్టులో గీత కదలడం లేదని మురిసిపోయారు చూడండి, తప్పు చోట నిలకడగా ఉండటం కూడా నిలకడే.

#10 — అలారంమోత

ఇదంతా ఆసక్తిగానే ఉంది గానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. స్టాండర్డుతో నిష్పత్తి తీస్తే ఈ గొడవ ఉండదు కదా?

#11 — గిగాఓమ్

ఉంటుంది అలారంమోత గారూ. కూడిక తప్పు నిష్పత్తిలో కొట్టుకుపోదు. ఈయన ట్యూబులోనే చూడండి. 4000 వోల్టుల దగ్గర డీటీబీపీ అసలు కాలం 12.875 మి.సె. అసలు కాలం 8 మి.సె. ఉన్న చురుకైన అయాను ఒకటి వచ్చిందనుకుందాం. నిజమైన కె-నాట్ 1.42 × 12.875 ÷ 8 = 2.285. మిగులు 0.2 తీయకుండా నిష్పత్తి వేస్తే 1.42 × 13.075 ÷ 8.2 = 2.264. దాదాపు 1 శాతం పోయింది, అదీ స్టాండర్డు పెట్టాక. స్టాండర్డుకు దగ్గరగా పడే పీకులకు పర్వాలేదు, దూరం జరిగేకొద్దీ మోసం.

మీ మిషన్ల అలారం కిటికీలు (పీక్ పడితే అలారం మోగే హద్దులు) అంత వెడల్పుగా పెట్టుకోవాల్సి రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. కిటికీ ఎంత వెడల్పైతే అమాయకపు పదార్థాలు అంతగా వచ్చి మోగిస్తాయి.

#12 — అలారంమోత

సరే, ఒప్పుకున్నా. ఉత్త మోతల బాధ నాకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు.

#13 — క్రాస్‌సెక్షన్

నేను మాస్ స్పెక్ట్రోమీటరుకు తగిలించిన ట్యూబు మీద పనిచేస్తాను. మాకు కావలసింది కొలిజన్ క్రాస్‌సెక్షన్ (గ్యాసు అణువులకు అయాను ఎంత పెద్దగా తగులుతుందో చెప్పే వైశాల్యం, మొబిలిటీ నుంచే లెక్కేస్తాం), కానీ తప్పులు ఇవే. 2017లో నాలుగు ల్యాబులు ఒకే పద్ధతిలో వోల్టేజీ మెట్లు మార్చి నైట్రోజన్‌లో కొలిచిన విలువలు అచ్చయ్యాయి. ల్యాబుల మధ్య తేడా సగటున 0.29 శాతం. అదే ఒకే ఫీల్డు దగ్గర స్టాండర్డులతో క్యాలిబ్రేట్ చేసి తీసినవి మెట్ల పద్ధతి విలువలకు సగటున 0.54 శాతం తప్పాయి. మీరు 0.4 దగ్గర ఉన్నారంటే బాగానే ఉన్నట్టు.

ట్రావెలింగ్ వేవ్ రకం (కదిలే వోల్టేజీ అలలతో అయాన్లను నెట్టేది) వాడేవాళ్లకు ఈ సౌకర్యం కూడా లేదు. అక్కడ కాలం నుంచి మొబిలిటీకి ఇలాంటి సూటి సూత్రం ఉండదు, క్యాలిబ్రేషన్ మీదే బతకాలి.

#14 — పాతకాపు

బాగానే ఉన్నారో లేదో ఇప్పుడే చెప్పలేం. డ్రిఫ్టుదారి గారూ, ఆ 1008 హెక్టోపాస్కల్స్ ఎక్కడ చదివారు?

#15 — డ్రిఫ్టుదారి

ఫోనులో వాతావరణం యాప్‌లో. రోజూ చూసి రాసుకుంటాను.

#16 — పాతకాపు

అనుకున్నాను. అది మీ గదిలో పీడనం కాదు. వాతావరణ కేంద్రాలు చోటుచోటుకీ పోల్చడానికి వీలుగా పీడనాన్ని సముద్రమట్టానికి సర్ది చెబుతాయి. మీరు సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తున ఉంటే దాదాపు 12 హెక్టోపాస్కల్స్ తేడా, అంటే 1.2 శాతం. అది నేరుగా కె-నాట్‌లోకి దిగుతుంది. ట్యూబు బయటికి గ్యాసు వదిలే గొట్టం దగ్గర బారోమీటరు పెట్టి చూడండి. ఆ గొట్టం మరీ సన్నగా పొడవుగా ఉంటే లోపలి పీడనం గది పీడనం కంటే ఎక్కువ ఉంటుంది, అందుకే అక్కడ పెట్టమంటున్నాను.

#17 — డ్రిఫ్టుదారి

బారోమీటరు తెచ్చి పెట్టాను. 996. యాప్ అదే సమయానికి 1008 అంటోంది.

996 వేసి లెక్కేస్తే కె-నాట్ 1.414 కాస్తా 1.397 అయింది! సరిదిద్దిన కొద్దీ ఇంకా చెడుతోంది. బారోమీటరు మీద అనుమానపడి ఇంకోటి అరువు తెచ్చాను, అదీ 996 అనే అంది. నాకు నిద్ర పట్టలేదు.

#18 — కొత్తఅయాను

మరైతే 1008 ఉంచేసుకుంటే పోలా? జవాబు దగ్గరగా వచ్చింది కదా.

#19 — పాతకాపు

అమ్మో, ఆ మాట అనకు నాయనా! అది గుడ్డిగా వేసిన రాయి తగలడం లాంటిది. పీడనం తప్పు కె-నాట్‌ను 1.2 శాతం పైకి తోసింది. అయినా అంకె 0.4 శాతం కిందే ఉందంటే, 1.6 శాతం కిందికి లాగేది ఇంకోటి ఎక్కడో దాక్కుంది. ఇన్నాళ్లూ రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకున్నాయి. రేపు వాతావరణం మారితేనో, హీటరు మారిస్తేనో రెండూ విడిపోతాయి. ఇప్పుడు ఒకటి బయటపడింది గనుక రెండోది ఒంటరిగా దొరుకుతుంది. 1.397 రావడం శుభవార్త.

1.6 శాతం అంటే 373 కెల్విన్ మీద 6 డిగ్రీలు. ఉష్ణోగ్రత సెన్సారు ఎక్కడ ఉంది?

#20 — డ్రిఫ్టుదారి

హీటరు పట్టీ కింద, ట్యూబు బయటి గోడకు అతికించి ఉంది.

#21 — గిగాఓమ్

అంటే మీరు కొలిచేది హీటరు ఉష్ణోగ్రత. అయాను ఢీకొట్టేది గోడను కాదు, గ్యాసును. సిలిండరు నుంచి చల్లగా వస్తున్న నైట్రోజన్ 10 సెం.మీ. నడిచేలోపు 100 డిగ్రీలు ఎక్కుతుందన్న పూచీ ఏముంది?

విప్పకుండానే చూడొచ్చు. గ్యాసు ప్రవాహాన్ని రెట్టింపు చేయండి. ఎదురుగాలి ప్రభావం ఎంతో ముందే లెక్కేస్తాను. 200 మి.లీ. అంటే ఈ వ్యాసానికి, వేడికి ఉబ్బిన గ్యాసును కలుపుకుని, సెకనుకు సుమారు 0.33 సెం.మీ. వేగం. 2000 వోల్టుల దగ్గర అయాను సెకనుకు 390 సెం.మీ. పోతోంది. ఎదురుగాలి వాటా 0.08 శాతం. ప్రవాహం రెట్టింపైతే ఇంకో 0.08 పెరగాలి, అంతే. అంతకు మించి కాలం పెరిగితే గ్యాసు చల్లబడి, చిక్కబడుతున్నట్టు.

#22 — డ్రిఫ్టుదారి

పెరిగింది! 2000 వోల్టుల దగ్గర 25.95 నుంచి 26.15కు. గోడ సెన్సారు 100 నుంచి కదలలేదు. ఎదురుగాలి వాటా తీసేస్తే 0.7 శాతం, అంటే గ్యాసు రెండున్నర డిగ్రీలు పడింది.

హైవోల్టేజీ ఆపి, అన్నీ డిస్చార్జి చేసి, వెంట్రుకంత సన్నని థర్మోకపుల్‌ను గ్యాసు దారిలోకి దించాను. నిమిషానికి 200 మి.లీ. దగ్గర 94 డిగ్రీలు. గోడ 100 అంటుంటే గ్యాసు 94!

94 డిగ్రీలూ, 996 హెక్టోపాస్కల్స్ వేస్తే కె-నాట్ 1.420.

నేను చెప్పిన అంకెల్లో పొడవూ వోల్టేజీ తప్ప మూడూ తప్పే: కాలం, పీడనం, ఉష్ణోగ్రత.

#23 — అలారంమోత

తేమ సంగతి ఎవరూ ఎత్తలేదు. మొదట్లో నేను స్టాండర్డు లేకుండా రియాక్టెంట్ అయాన్ పీకునే గుర్తుగా పెట్టుకునేవాణ్ణి. ప్రతి స్పెక్ట్రంలోనూ ఉచితంగా ఉంటుంది కదా అని. వానాకాలం గ్యాసులో తేమను పీల్చే జల్లెడ నిండిపోయి పీకులన్నీ అటూ ఇటూ అయ్యాయి, నా గుర్తు కూడా వాటితో పాటే నడిచింది. పాజిటివ్ మోడ్‌లో ఆ పీక్ అంటే ప్రోటానుకు నీటి అణువులు అతుక్కున్న గుంపు. తేమను బట్టీ ఉష్ణోగ్రతను బట్టీ ఎన్ని అణువులు అతుక్కుంటాయో మారుతుంది, మొబిలిటీ మారుతుంది. దాన్ని గుర్తు పెట్టుకోవడం, కదిలే పడవ మీద గీత గీసి ఒడ్డు దూరం కొలవడమే.

#24 — క్రాస్‌సెక్షన్

డీటీబీపీ మంచి స్టాండర్డు కావడానికి కారణం అదే. దాని అణువులోని నైట్రోజన్ పరమాణువుకు రెండువైపులా రెండు లావుపాటి బ్యూటైల్ గుంపులు కాపలా ఉంటాయి, నీరు దగ్గరికి రాలేదు. టెట్రాఆల్కైల్ అమోనియం అయాన్లూ అంతే. కానీ తేమ వచ్చిందని తెలుసుకోవాలంటే తేమకు లొంగే స్టాండర్డు కూడా ఒకటి ఉండాలి. డైమిథైల్ మిథైల్‌ఫాస్ఫొనేట్ లాంటిది డీటీబీపీతో పాటు పెడితే, డీటీబీపీ కదలకుండా అది ఒక్కటే కదిలితే గ్యాసు చెడిందని అర్థం. రెండూ కలిసి కదిలితే పీడనమో ఉష్ణోగ్రతో చూసుకోవాలి.

#25 — కొత్తఅయాను

మరి డ్రిఫ్టుదారి గారు ఇప్పుడు 1.420 అని రాసుకోవచ్చా మాస్టారూ?

#26 — పాతకాపు

రాసుకోవచ్చు, పక్కన అనిశ్చితి కూడా రాస్తే. ఆయన తరఫున నేను లెక్కేస్తాను. పొడవు 0.1 మి.మీ. దాకా తెలుసనుకుంటే వర్గం వల్ల 0.2 శాతం. వోల్టేజీ 0.1. గ్యాసు ఉష్ణోగ్రత అర డిగ్రీ అంటే 0.14. పీడనం 0.3 హెక్టోపాస్కల్ అంటే 0.03. కాలం 10 మైక్రోసెకన్లు అంటే 0.08. వర్గాలు కలిపి మూలం తీస్తే సుమారు 0.27 శాతం. ఇందులో సింహభాగం పొడవుదే.

వోల్టేజీ 0.1 శాతం అని నేను ఉదారంగా ఇచ్చాను. మామూలు మల్టీమీటరు ఇన్‌పుట్ 10 మెగాఓమ్. ట్యూబు వెంట వోల్టేజీని పంచే రెసిస్టర్ల గొలుసులో 1 మెగాఓమ్ రెసిస్టరు మీద దాన్ని పెడితే మీటరే కరెంటు తాగేసి, ఆ రెసిస్టరు విలువను 9 శాతం తక్కువగా కనిపించేలా చేస్తుంది. గొలుసు అడుగున కచ్చితమైన చిన్న రెసిస్టరు పెట్టి కరెంటు కొలిస్తే ఈ బాధ ఉండదు, చెయ్యి కాలదు కూడా.

ఇక అసలు చిక్కు. 1.42 అన్న స్టాండర్డు విలువ రెండు దశాంశాలకే ఇచ్చారు. చివరి అంకెలో సగం అంటే 0.35 శాతం. మన ట్యూబు అంతకంటే బాగుంటే, 1.42తో పోల్చి ట్యూబు సరైందని చెప్పలేం. 1.420 రావడం చూసి నాకూ ముచ్చటేసింది గానీ 1.417 వచ్చినా అంతే ముచ్చటపడాలి.

#27 — డ్రిఫ్టుదారి

అర్థమైంది. గ్యాసు గొట్టాన్ని ట్యూబు చుట్టూ తీగచుట్టలా తిప్పి, వేడెక్కాక లోపలికి పంపేలా మార్చాను. గోడ 100, గ్యాసు 99. ప్రవాహం రెట్టింపు చేసినా పీక్ ఎదురుగాలి మేరకే జరుగుతోంది. అయిదు వోల్టేజీలకు, మిగులు తీశాక, 1.418 నుంచి 1.421 మధ్య వస్తున్నాయి.

మొదటి పోస్టులో అంకెలు మార్చడం లేదు, అలాగే ఉండనివ్వండి. లాగ్ పుస్తకంలో ఇప్పటినుంచి ప్రతి కొలత పక్కనా బారోమీటరు, గ్యాసు థర్మోకపుల్, ప్రవాహం, పల్సు వెడల్పు రాస్తున్నా. 1008 ఉన్న పాత పేజీలు నలభై దాకా ఉన్నాయి, యాప్ అంకె నుంచి 12 తీసేసి తిరగరాయొచ్చా అని ఆలోచిస్తున్నా గానీ ఆ రోజుల్లో గ్యాసు ఎంత వేడిగా ఉందో తెలియదు కనుక వదిలేస్తున్నా.

ఇప్పుడు ట్యూబు విప్పి గ్రిడ్ అంచును వెర్నియర్‌తో కాకుండా డెప్త్ మైక్రోమీటరుతో కొలవబోతున్నా. రెండు రోజులు కనపడను.